లంకవాని అరచేతి శ్రీకారము

నా మనుమడు ఈ నడుమ ప్రొద్దెక్కువరకు ప్రక్క విడుచుట లేదు. మొన్నమొన్నటిదాక వాడు చీకటి విడీవిడకముందే లేచి, ముఖమైనను సరిగా కడుగుకొనక, పలక చంకనిడుకొని బడికి పరుగెత్తెడివాడు. కోడలు వాని నుదురు తాకి చూచెను, జ్వరము లేదు. శొంఠి కషాయము కాచి పట్టెను. త్రాగి, మరల గోడవైపు తిరిగి పడుకొనెను. నేను పోయి ప్రక్కను కూర్చుండి, బడికి వేళయైనది కదా నాయనా యని వీపు నిమిరితిని. వాడు కన్నులు తెరవకయే, "ముందు వెడితే ఏం వస్తుంది, తాతగారూ?" అనెను.

ఆ మాట చెవిని బడినంతనే నాకు ఒడలు మండెను. వాని మీద కాదు. అదే మాటను, అదే చచ్చిన గొంతుతో, నా బాల్యమున మరియొక పిల్లవాని నోట నేను వినియుంటిని. ఇన్నియేండ్లకు అది తిరిగి తిరిగి నా యింటనే, నా మనుమని నోటనే పలుకునని నే ననుకొనలేదు.

జరిగినది విచారింపగా తెలిసినది. పట్టణమున మునిసిపాలిటీ సభ్యులను జనులే యెన్నుకొనుచున్నారని విని, ఆ బడిలోని కుర్ర పంతులొకరు ముచ్చటపడి, తరగతికి మానిటరును మీరే యెన్నుకొనుడని పిల్లలతో చెప్పిరట. పిల్లలు చేతులెత్తిరి. కుమ్మరివారి పిల్లవాని కొరకు లేచిన చేతులే యెక్కువ. వాడు కొట్లాటలు తీర్చునట. పలక పగిలినవానికి తన పలక యిచ్చి తాను నేలమీద వ్రాసికొనునట. మరునాడు హెడ్డు మాష్టరుగారు వచ్చి, బడికి మేడ కట్టించి యిచ్చిన షావుకారుగారి మనుమడే మానిటరని చెప్పి, కుమ్మరివారి పిల్లవానిని వెనుక బల్లమీదికి పంపిరి. నా కుమారుడు వీధిలో ఆయనను కలిసికొని, ఇదేమని యడిగెనట. "కట్టడం వారిది కదండీ" అని ఆయన చిరునవ్వు నవ్విరట. నా కుమారుడును నవ్వి యింటికి వచ్చెను. నాకు మాత్రము నవ్వు రాలేదు.

నా చిన్ననాట మా యూరిలో బడి యనగా ఒక యరుగు. గోదావరికి ఆనకట్ట కట్టిన క్రొత్త అది. కాలువలు ఇంకను మా పొలములదాక రాలేదు. త్రవ్వుడు పనివారి గుడిసెలు ఊరి వెలుపల వరుసగా నుండెడివి. సర్కారు బడి యన్న మాటయే మేమెరుగము. కరణముగారి మండువా లోగిలికి వీధివైపున పొడవైన యరుగొకటి యుండెడిది. పంతులుగారు దానిమీద స్తంభమునకు చేరగిలి కూర్చుండెడివారు. మేము క్రింద, తాటాకు పందిరి నీడను, ఏటినుండి తెచ్చి పోసిన యిసుకలో బారులు తీరి కూర్చుండి, వ్రేలితో అక్షరములు దిద్దెడివారము. ఆ యిసుక వాసన నా కిప్పటికిని తెలియును. వేకువను అది మంచుకు తడిసి ఏటి వాసన వేయును; ఎండ యెక్కినకొలది వేపుడు గింజల వాసన వేయును. ఒక్కొక్కనాడు గోడకావలినుండి కరణముగారి వంటయింటి పోపు ఘాటు వచ్చెడిది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర వాసన వచ్చిననాడు మా గుణింతము నడుమనే చెడెడిది. పంతులుగారు కూడ ఆనాడు తప్పు పట్టెడివారు కారు. ఆయనయు ఆ వాసననే పీల్చుచుండెడివారని నా నమ్మకము.

ఆ బడిలో ఒక కట్టుబాటుండెడిది. వేకువను అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని యరచేతిలో పంతులుగారు తమ చూపుడువ్రేలితో శ్రీ యని వ్రాసెడివారు. రెండవవాని చేతిలో ఒక చుక్క పెట్టెడివారు. మూడవవాడు మొదలుకొని బెత్తము. వెనుకబడినకొలది దెబ్బ పెరుగును. కడపటివాడు చేయి చాపునప్పటికి పంతులుగారికి చేతివాటము బాగుగా కుదిరి యుండెడిది. ఆ వ్రేలికి సిరా లేదు, సుద్ద లేదు. వ్రాసిన శ్రీకారము కంటికి కనబడదు. అయినను దానిని పొందినవాని చేయి ఆనాటికి మా యందరి చేతులకంటె వేరుగా నుండెడిది. వానితో జగడమాడుటకు కూడ మాకు జంకు.

ఏడాది పొడవునను ఎవని చేత శ్రీకారము మిక్కిలిగా పడునో, వాడు దసరాలలో సరస్వతీ పూజనాడు చట్టాంబిళ్ళ యగును. ఈనాడు మానిటరనుచున్నది ఆ పదవినే. చట్టాంబిళ్ళ ఇసుకనుండి లేచి యరుగెక్కి పంతులుగారి ప్రక్కను కూర్చుండును. చిన్నవారి చేత గుణింతములు పలికించును. పండుగ దినములలో పిల్లలందరును ఇంటింటికి పాడుచు పోవునప్పుడు పూలవిల్లు పట్టుకొని ముందు నడచును. అన్నిటికంటె పెద్ద సంగతి యింకొకటి. పంతులుగారి తాటాకు పుస్తకముల కట్ట విప్పి, పద్యము చదువ నేర్చుకొను నధికారము చట్టాంబిళ్ళకు తప్ప వేరొకరికి లేదు. గొప్పవారి బిడ్డ యని గాని, పంతులుగారి మేనల్లుడని గాని ఆ పదవి రాదు. ముందు రావలెను. అంతియే. పిల్లలకు లోకములో అర్థమగు న్యాయములు బహు కొద్ది. అది వానిలో నొకటి.

ఆ యేడు ముందు వచ్చినవాడు లంకవాడు. వానికి పేరు లేకపోలేదు. మేమందరము లంకవాడనియే పిలిచెడివారము. ఏటి నడిమి లంకలో పొగాకు పండించు కాపుల బిడ్డ. వాని పినతండ్రి తెల్లవారుజామున గడ్డిమోపులు దోనెలో వేసికొని మా రేవునకు తెచ్చెడివాడు. ఆ మోపుల మీద వీడు. దోనె యొడ్డు తాకీతాకకముందే నీటిలోనికి దుమికి, గట్టెక్కి, తడిసిన పంచెతో పరుగు. వాడు ప్రక్కను కూర్చుండినచో పచ్చిగడ్డి వాసన, ఏటి యొండ్రు వాసన, వానికి లోపలగా పొగాకు ఘాటు కలసి వచ్చెడివి.

మా యిల్లు బడికి పిలిచిన పలుకునంత దూరము. అయినను నాకు దక్కినది చుక్కయే. మా నాయనమ్మ నన్ను చీకటితో లేపి, చద్దియన్నములో పెరుగు కలిపి పెట్టి, మాగాయ టెంక చేతికిచ్చి తరిమెడిది. నేను టెంక చీకుచు వీధి మలుపు తిరుగునప్పటికి వాడక్కడ మూసిన గుప్పిలితో నిలిచి యుండెడివాడు. శ్రీకారము చెరిగిపోవునని వాని భయము. చద్ది తినువేళవరకు ఆ గుప్పిలి విప్పెడివాడు కాడు. ఇసుకలో ఎడమచేతితోనే దిద్దెడివాడు. పంతులుగారు చూచియు చూడనట్లుండెడివారు.

వానిని ఓడింపవలెనని మేము పన్నిన పన్నాగములకు మితి లేదు. ఒకనాడు గానుగవారి పిల్లలిద్దరు, అన్నదమ్ములు, ఇంట చెప్పకయే వచ్చి రాత్రి ఆ యరుగుమీదనే చాప కప్పుకొని నిదురించిరి. తెల్లవారి పంతులుగారు వచ్చి చాప లాగి చూచి, చెంబుతో నీళ్ళు చల్లి లేపిరి. ముందు మేమే వచ్చితిమని వారు వాదించిరి. "ఇక్కడ పడుకున్నవాడు వచ్చినవాడు ఎలా అవుతాడురా? ఇంటికి పోయి రండి" అని పంతులుగారు వారిని వెడలగొట్టి, తిరిగి వచ్చినప్పుడు కడపటి వరుస దెబ్బలు కొట్టిరి. మేమందరము కడుపుబ్బ నవ్వితిమి. ఆ తీర్పులో మాకెవరికిని అనుమానము కలుగలేదు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఆషాఢమున ఎర్రనీరు వచ్చెను. లంక మునిగెను. లంకవారందరును పశువులతో వచ్చి మా ఏటిగట్టుమీద పాకలు వేసికొనిరి. పెద్దలు గోదావరికి పసుపుకుంకుమలు వదలి వరద తీయవలెనని మ్రొక్కుచుండగా, మా లంకవాడొక్కడు మాత్రము గట్టుమీద కాళ్ళు చాచికొని కూర్చుండి, ఇంకొన్నాళ్ళుంటే బాగుండు ననెను. బడి దగ్గర కదా యని వాని సంతోషము. ఆ దినములలో పంతులుగారు సాయంకాలము గట్టుమీదనే పురాణము చదివెడివారు. తడి కట్టెల పొగలో, పశువుల పేడ వాసనలో, దీపము చుట్టు పురుగులు ముసరుచుండగా, ఆయన తాటాకు తిప్పి తిప్పి పద్యము నెత్తుకొనెడివారు. అందరును కథ వినుచుండిరి. లంకవాడు కథ వినుట లేదు. ఆయన వ్రేలు ఏ యక్షరము మీద నున్నప్పుడు ఏ శబ్దము వెలువడునో కనిపెట్టుచు, ప్రక్కనుండి ఆకులోనికి తొంగి చూచుచుండెను.

అట్టి యొక సాయంకాలము వాని తండ్రి పంతులుగారి యెదుట చేతులు కట్టుకొని నిలిచెను. పొడవైన మనిషి, మాటకారి కాడు. "చట్టాంబిళ్ళ అయితే ఇంకో ఏడు మీకాడే ఉంచుతానండి. కాపోతే వరద తీసాక పొగాకు మళ్ళోకి తీసుకుపోతాను. నాకు చెయ్యి చాలటంలేదు" అనెను. పంతులుగారు, ముందు వచ్చువాడు వాడే కదా, ఇక నడుగవలసిన దేమున్నదని ఆ తండ్రిని సాగనంపిరి. లంకవాడు నావైపు చూచి నవ్వెను. ఆ రాత్రినుండి వానికి శ్రీకారమన్నచో పండుగ ముచ్చట కాదు. చదువు నిలుచునో నిలువదో అన్న సంగతి.

ఇక అరుగింటి పిల్లవాని మాట చెప్పవలెను. వాడు కరణముగారి మనుమడు. మాతోనే చదివెడివాడు. మంచివాడే, వానికి నిదురయన్న ప్రీతి. మా వల్లింపు సగమైన తరువాత, పెదవికి వెన్న అంటియుండగా, కన్నులు నులుముకొనుచు లోపలినుండి గడప దాటి వచ్చి కూర్చుండెడివాడు. వానికి బెత్తము లేదు. ఆ యింటి పిల్లవానిని కొట్టుట యెట్లని పంతులుగారు తమ మనస్సులోనే తీర్పు చేసికొని యుందురు. మేమును దానిని తప్పు పట్టలేదు. వానికి శ్రీ లేదు, చుక్క లేదు, దెబ్బ లేదు. అంతటితో సరిపోయెను.

సరస్వతీ పూజనాడు వీధి పందిరికి మామిడాకులు కట్టిరి. అరుగంతయు పేడతో అలికి ముగ్గులు తీర్చిరి. కొబ్బరి ముక్కల వాసన, వేయించిన సెనగపప్పు వాసన, క్రొత్త బట్టల గంజి వాసన. ఆ వేకువను కూడ లంకవాడే ముందు వచ్చెను. మూసిన గుప్పిలితో పందిరి గుంజ చెంత నిలిచి యుండెను. వాని తండ్రి దూరముగా, వీధికావలి ప్రక్కను, ఉతికిన తలగుడ్డ చుట్టుకొని నిలువబడెను. పంతులుగారు చట్టాంబిళ్ళ పేరు చెప్పబోవుచుండగా, కరణముగారు చేయి యెత్తి ఆపిరి. తన యింటి ముందునుండి, తన వీధిలో, పూలవిల్లు పట్టుకొని లంక పిల్లవాడు ముందు నడచుటయు, తన మనుమడు వాని వెనుక నడచుటయు ఎట్లు పొసగునని ఆయన మెల్లగా అడిగిరి. కట్టుబాటు అదియే కదండీ యని పంతులుగారు నసిగిరి.

కరణముగారి యాశ్రయమున ఒక శాస్త్రులుగారుండెడివారు. తర్కమున దిట్ట. ఆయన పొడుము పట్టు పీల్చి, చేతిగుడ్డతో ముక్కు తుడిచికొని, ఈ చిక్కు నేను విప్పెదనని ముందుకు జరిగిరి.

"ఏమయ్యా పంతులూ, బడి అంటే ఏది?"

"ఈ అరుగేనండి."

"అరుగు ఏ ఇంటిది?"

"ఈ ఇంటిదేనండి."

"ఈ ఇంట్లో పుట్టిన పిల్లవాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడు?"

"ఇంట్లోనేనండి."

"అంటే బడిలోనే ఉన్నాడు. ఉన్నవాడి కంటే ముందు రాగలవాడెవడయ్యా?"

పందిరిలోని పెద్దలందరును తలలూపిరి. కొందరు తొడలు చరచుకొనిరి. శాస్త్రులుగారి బుద్ధిసూక్ష్మతను మెచ్చుకొనుచు, కరణముగారు తాంబూలపు పళ్ళెము ఆయనవైపు త్రోసిరి. ఏడాది పొడవునను ఒక పసివాడు నది దాటి సంపాదించుకొన్న దానిని ఒక్క పొడుము పట్టుతో ఊదివేసి, దానికి శాస్త్రమని పేరు పెట్టిరి. తరువాతి కాలమున ఆ శాస్త్రులుగారి వద్దనే నేను తర్కము చదివితిని. లేనివాడు మాత్రమే రాగలడు, రాకకు ముందు లేకపోవుట యుండి తీరవలెను అను పాఠమును ఆయనయే నాకు చెప్పిరి. చెప్పునప్పుడు ఆయన నా ముఖము చూడలేదు. తెలియక చేసిన తప్పైనచో ఏనాడో మన్నించి యుందును. తెలిసి చేసిన దానిని ఈనాటికిని మన్నింపలేకున్నాను.

లంకవాడు గుప్పిలి విప్పెను. అరచేతిని కొంతసేపు చూచుకొనెను. పిమ్మట దానిని పంచెకేసి అటునిటు గట్టిగా తుడిచికొని, వెనుదిరిగి తండ్రివైపు నడచిపోయెను.

అప్పుడు పందిరిలో ఎంత గగ్గోలు. పూజనాడు శ్రీకారమును తుడిచివేయుటయా, ఎంత పాపిష్ఠి పిల్లవాడు, ఇటువంటివానికా చట్టాంబిళ్ళతనము అని పెద్దలు చెవులు మూసికొనిరి. తుడిచినది తాము. పాపము వానిది.

నాకప్పటి కెన్నియేండ్లో చెప్పలేను. మొలత్రాడు మీద క్రొత్త పంచె నిలువని యీడు. పంచె నొక చేత పట్టుకొని లేచి నిలువబడి, "మరి గానుగవారి పిల్లలు ఇక్కడే పడుకుంటే, పడుకున్నవాడు వచ్చినవాడు కాడన్నారు కదండీ, పంతులుగారూ?" అని యడిగితిని. ఎవరి పిల్లవాడు వీడని కరణముగారు అడిగిరి. ఎవరో చెప్పిరి. పెద్దల నడుమ నోరు చేసికొన్న పిల్లవానికి బడిలో ఏమి శిక్షయో అది చేయుమని ఆయన సెలవిచ్చిరి.

దూలమునకు వ్రేలాడు త్రాటిని రెండు చేతులతో పట్టించి, కాళ్ళు నేల కందకుండ వ్రేలాడదీయుట మా బడిలో పెద్ద శిక్ష. దానిని కోదండమనెడివారు. పంతులుగారు నన్నెత్తి త్రాడు పట్టించిరి. నా చెవి దగ్గర నోరుంచి, "అరుగు వాళ్ళదిరా, నాయనా" అనిరి. నేను వ్రేలాడుచుండగనే క్రింద పప్పుబెల్లములు పంచిరి. నాకు దక్కవలసినవి నా తోటివాడొకడు దాచి, నన్ను దింపిన తరువాత చెమట పట్టిన చేతితో తెచ్చి యిచ్చెను. అంతకంటె తీయని బెల్లము నేను మరల తినలేదు.

ఇంటికి రాగా మా నాయనమ్మ నా యరచేతుల బొబ్బలకు వెన్న రాచెను. ఏడ్వలేదు, తిట్టలేదు. మరునాడు రేవులో బిందె ముంచుచు, అందరు వినునట్లు, కరణముగారి భార్యతో ఇట్లనెను. "మీ పిల్లి మీ మనవడి కంటే ముందు పుట్టింది కదండీ, వదినగారూ. రాత్రిళ్ళు అదీ లోపలే పడుకుంటుంది. పూలవిల్లు దాని మెడలో వెయ్యండి, న్యాయంగా ఉంటుంది." రేవంతయు నవ్వెను. కరణముగారి భార్య బిందె సగమే ముంచుకొని మెట్లెక్కి పోయెను.

ఆ మాట మాకందరకు చేరెను. ఊరేగింపున అరుగింటి పిల్లవాడు జరీ టోపీ పెట్టుకొని, పూలవిల్లు పట్టుకొని ముందు నడచుచుండగా, వెనుక వరుసలనుండి సన్నగా పిల్లికూతలు బయలుదేరెను. పంతులుగారు వెనుదిరిగి చూచినప్పుడు మేము పాట పాడుచుంటిమి; ముందుకు తిరిగినప్పుడు పిల్లులమగుచుంటిమి. కొంత దూరము పోయిన తరువాత ఆ పిల్లవాడు నిలిచిపోయి, విల్లు పంతులుగారి చేతిలో పెట్టి, "నాకు వద్దండీ, పంతులుగారూ. నాకు నిద్దరొస్తోంది" అని యింటికి పోయెను. వాని కన్నులలో నున్నది నిదుర కాదు. వాని మీద నాకు ఏనాడును కోపము లేదు. వాడు కోరని దానిని వాని నెత్తిన పెట్టి, ఊరి పిల్లలందరకు వానిని పిల్లిని చేసినవారు వాని పెద్దలే.

పండుగ వెళ్ళిన తరువాత బడి తెరచిరి. మేమెవరమును కూడబలుకుకొనలేదు. ఎవరికి వారమే ఇంటివద్ద ఆలస్యము చేసితిమి. ముందెవడో నిర్ణయమైపోయి, వాడు లోపల నిదురించుచుండగా, ఇక చీకటిలో లేచి పరుగెత్తుట యెందులకు? నేను మాగాయ టెంక తీరికగా చీకి, వీధిలో కుక్కపిల్లలను చూచి, ఎండ గోడలమీదికి దిగిన తరువాత బడి మలుపు తిరిగితిని. అరుగుమీద పంతులుగారొక్కరే కూర్చుండి యుండిరి. ఎదుట మంచుకు తడిసిన యిసుక. దానిమీద ఒక్క కాలిగుర్తు లేదు. ఆయన చూపుడువ్రేలు చాచి, దానివైపే చూచుకొనుచుండిరి. ఈ కాలపు పిల్లలకు భయభక్తులు లేకపోయెనని కరణముగారు లోపలినుండి అనుచుండిరి.

పంతులుగారు ఆనాడు నన్ను కొట్టలేదు. లంకవానిని పిలుచుకొని రమ్మని నన్ను దోనె మీద పంపిరి.

వరద తీసిన లంక నల్లగా, మెత్తగా, అడుగు వేసిన చోట కాలు దిగునట్లుండెను. పొగాకు నారుమళ్ళకు తాటాకులు కప్పి, ఇంకను తెల్లవారకముందే లేచినవారివలె అందరును పనిలో నుండిరి. లంకవాడు మడి యంచున కూర్చుండి కలుపు తీయుచుండెను. నన్ను చూచి లేచి, పాక వెనుకకు పోయి, నిప్పులలో కాల్చిన తాటిపండు తెచ్చి పెట్టెను. ఇద్దరమును పీచు చీకుచు, మూతులు పచ్చగా చేసికొని కూర్చుంటిమి. వాని తండ్రి వచ్చి, పంతులుగారు పంపిరని విని, నేల చూచుచు, "పంతులుగారు మంచోరేనండి, బాబూ. కానీ ఆరు రాసిందాన్ని ఆరే నిలబెట్టుకోలేపోయారు. ఇంకెవరికోసం పంపమంటారు?" అనెను. నేను లంకవానివైపు తిరిగి, నీవు లేక బడి బాగులేదు, రమ్మంటిని.

వాడు చేతికంటిన తాటిగుజ్జును గడ్డికి తుడిచికొని, "ముందెల్తే ఏమొస్తాది?" అనెను.

మరుసటి వర్షకాలమునకు ఆ బడి లేదు. పిల్లలు తగ్గిరి; పంతులుగారు పొరుగూరికి తరలిపోయిరి. అరుగు మాత్రము అట్లే యుండెను. దానిమీద కరణముగారు పడకకుర్చీ వేయించుకొనిరి.

చాలయేండ్లకు నేను రాజమహేంద్రవరమున తెనుగు పండితుడనై యున్న కాలమున, ఒక సాయంకాలము రేవులో పొగాకు కట్టలు దింపుచున్న పడవ చెంత ఒకడు నన్ను పేరుపెట్టి పలుకరించెను. మీసములు నెరసినవి. అరచేతులకు పొగాకు జిగురు నల్లగా పట్టియుండెను. మాటల మీద నేను చదువు సంగతి యెత్తితిని. "గుణింతం దాకా వచ్చండి. పద్యమే రాలేదు" అని నవ్వెను. తాటాకు కట్ట తాకనియ్యని వారిమీద వానికి కసి యున్నట్లు తోపలేదు. పడవ సాగబోవుచుండగా, ఏదో చిన్న సంగతి మరచి యడుగుచున్నట్లుగా, "ఇప్పుడు ముందెవరొస్తన్నారండి?" అనెను. అంతసేపును వాని కుడిచేయి గుప్పిలి మూసియే యుండెను. పాత యలవాటో, ఆరిన చుట్టముక్క యుండెనో నేనెరుగను.

ఆ ప్రశ్నకు ఆనాడు నేను చెప్పలేకపోయిన జవాబు నేడు నా మనుమడు గోడవైపు తిరిగి పడుకొని చెప్పుచున్నాడు. ఎవరును వచ్చుట లేదు. వచ్చినవానికి కాక, కట్టినవానికి ముందుచోటు వ్రాసిపెట్టిన యింటికి ఎవడు ముందు వచ్చును? అరుగు పోయి మేడ వచ్చినది. ఇసుక పోయి బల్ల వచ్చినది. పొడుము పీల్చు శాస్త్రులుగారు పోయి, చిరునవ్వు నవ్వు హెడ్డు మాష్టరుగారు వచ్చిరి. కాలము మారినదని అందరును నాతో చెప్పుదురు. ఏమి మారినదో చూపుడని నేనడుగుదును.

రేపు బడికి పోవలెనని నేను కండువా వెదకుట చూచి నా కుమారుడు, "పిల్లల ఆట, నాన్నగారూ. దీనికి మీరు వెళ్ళడమేమిటి?" అనెను. కావచ్చును. పెద్దల యాటలలో ఓడినవారికి తరువాత పూడ్చుకొనుటకు వేరుతావులుండును. పిల్లవానికి ఆ యొక్క యిసుకయే లోకము. అక్కడ వానికి న్యాయము లేదని తెలిసిన దినమున వాడు లోకమంతటికిని వీపు త్రిప్పి నిదురించును.

నేను మనుమని ప్రక్కను కూర్చుండి ఈ కథ యంతయు చెప్పితిని. వాడు కదలలేదు, కాని వినుచున్నాడని వీపు చెప్పుచుండెను. రేపు వేకువను నిన్ను లేపను, నేనే బడికి పోయెదనంటిని. మెట్లమీద కూర్చుందును. హెడ్డు మాష్టరుగారు మేడ తాళపుచెవి పట్టుకొని వచ్చునప్పటికి నేనక్కడ నుందును. నాకంటె వెనుక వచ్చినవారు గనుక, మా పాతబడి కట్టుబాటు ప్రకారము చేయి చాపుమందును. చాపినను చాపకున్నను, ఎత్తిన పిల్లల చేతులను ఏమి చేసితిరని అడిగి కాని లేవనంటిని.

వాడు గోడవైపునుండి ఇటు తిరిగెను. "మీరు ముందు వెడితే శ్రీ మీకు. మరి చుక్క నాకేనా, తాతగారూ?"

"ఏమో. కుమ్మరివారబ్బాయి మనిద్దరి కంటే ముందే వచ్చి కూర్చుంటాడేమో" అంటిని.

వాడు ప్రక్కమీద లేచి కూర్చుండెను.